స్కొవొరొదా ఇంటి గోడలకు సిమెంటు వద్దు

ఉక్రెయిన్ సంస్కృతి శాఖ మంత్రి గారికి,

నమస్కారం. కవి, తత్వవేత్త హ్రిహోరి స్కొవొరొదా 1794లో కన్నుమూసిన ఊరు, హార్కివ్ ప్రాంతంలోని స్కొవొరొదినివ్కా. అక్కడ ఆయన ఉన్న ఇంట్లోని స్మారక మ్యూజియం 2022 మే 6 రాత్రి రష్యా క్షిపణి పడి కాలిపోయింది. అది ఆయన త్రిశతజయంతి ఏడాది కూడా. విలువైన వస్తువులు ముందే తరలించారు కాబట్టి దక్కాయి. హాల్లోని ఆయన విగ్రహం కూడా మిగిలింది. ఇక గోడల సంగతి. పాత సున్నపు కట్టడాల మరమ్మతు తెలిసినవాళ్లుగా పని ఏ దశలో ఉన్నా పట్టించుకోవలసినవి రాస్తున్నాం.

మంటల వేడి 573 డిగ్రీల సెల్సియస్‌కు చేరగానే గోడ సున్నంలోని ఇసుక రేణువులు ఒక్కసారిగా ఉబ్బి పాత సున్నం పట్టు వదులుతుంది. 800 దాటితే ఆ సున్నం మళ్లీ పొడిసున్నంగా మారుతుంది. నీళ్లు తగలగానే పొంగి సందులు తెరుచుకుంటాయి. ఆ సందుల్లోకి మంటలార్పిన నీళ్లు, వాన నీళ్లు దిగుతాయి. హార్కివ్ చలికి అవి గడ్డకట్టి 9 శాతం పెరుగుతాయి. మంట మిగిల్చిన గోడ చలికాలాలకు రాలిపోయేది ఇలాగే.

కాబట్టి మొదటి ఖర్చు తాత్కాలిక కప్పుకే. దాని బరువు గోడ మీద పడకుండా సొంత స్తంభాలుండాలి, చూరు బాగా బయటికి రావాలి. టార్పాలిన్ మాత్రం చుట్టొద్దు. తడి లోపలే ఉండి మిగిలిన కలపకు బూజు పడుతుంది. గోడ ఒక్కో వైపు నుంచి నెలకు సుమారు అంగుళం ఆరుతుంది. అంటే రెండడుగుల గోడకు ఏడాది పడుతుంది. ప్రారంభోత్సవం తేదీ ముందే ప్రకటిస్తే గోడ ఆరాల్సిన ఈ ఏడాది గడువుకే కోత పడుతుంది.

శిథిలాలను పొక్లెయిన్‌తో ఎత్తించకండి. పేలని మందుగుండు లేదని తేలాక, గది గదికీ విడిగా జల్లెడ పట్టించండి. మడత బందులు, మేకులు, కాలిన దూలాల కొసలను బట్టే పాత తలుపుల, కప్పు కొలతలు తెలుస్తాయి.

ఆ తర్వాతే సున్నం పని. పాత సున్నం ముక్కను పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేస్తే సున్నం కరిగి ఇసుక మిగులుతుంది. అలాంటి ఇసుకే వెతికించండి. కనీసం మూడు నెలలు నానిన సున్నపు ముద్ద ఒక పాలు, ఇసుక మూడు పాళ్లు. 5 డిగ్రీల లోపు చలిలో అది గట్టిపడదు. పచ్చిగా ఉండగానే అందులోని నీళ్లు మంచుగా మారితే పొడైపోతుంది. అందుకే మే నుంచి సెప్టెంబరు మొదటి వారాల్లోపే పని ముగియాలి.

కాంట్రాక్టర్లు సిమెంటే అడుగుతారు, మర్నాటికే గట్టిపడుతుంది కదా! కానీ అది తడిని బయటికి పోనివ్వదు. ఆ తడి ఇటుకలోంచి దారి చేసుకుంటుంది, లవణాలు పేరుకుని ఇటుక ముఖం పెచ్చులూడుతుంది. మన పాత గుళ్లకూ కోటలకూ సిమెంటు పూసిన చోట్ల చూస్తున్నది ఇదే.

టెండరు పత్రంలో రెండు షరతులు చేర్పించండి: గోడల్లో సిమెంటు వాడకూడదు, తేమ కొలిచిన నివేదిక లేకుండా గిలాబా మొదలుపెట్టకూడదు.

ఇట్లు,
పాత కట్టడాల పరిరక్షణ పని తెలిసిన కొందరు తెలుగువాళ్లం