బరువెంతో కాదు, ఎక్కడుందో చూడండి

సంపాదకులకు నమస్కారం.

రోడ్డు లేని చోట బడో ఆసుపత్రో కట్టడానికి చిన్న విమానాల్లో సామాను చేరవేయడం గురించి ఎవరు రాసినా పైలట్ సాహసమే రాస్తారు. కింద లోడింగ్ చేసేవాళ్ళ ఊసే ఉండదు. ఆ పని కొన్నాళ్ళు చేసినవాడిని కాబట్టి నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

సెస్నా 206 లాంటి విమానం తన సొంత బరువు కాక సుమారు 600 కిలోలు మోస్తుంది. వినడానికి బాగానే ఉంటుంది, కానీ పైలట్ బరువూ పెట్రోలు బరువూ అందులోంచే పోవాలి, పైగా అవతల పెట్రోలు దొరకదు కాబట్టి తిరిగి రావడానికి సరిపడా ఇక్కడే పోయించుకోవాలి. ఇవన్నీ పోను 50 కిలోల సిమెంటు బస్తాలు ఏడో ఎనిమిదో ఎక్కుతాయి. ఒక్క పునాదికే ఎన్ని ట్రిప్పులవుతాయో చూడండి.

అయినా అసలు టెన్షన్ అది కాదు, ఆ బరువు విమానంలో ఎక్కడ ఉందన్నది. ఒకసారి ఇనప చువ్వల కట్టను నేను ఒకే తాడుతో కట్టేసి పనైపోయిందనుకున్నాను. పైలట్ వచ్చి కాలితో గట్టిగా తోశాడు, కట్ట జానెడు జరిగింది. ఏమీ అనలేదు, మొత్తం విప్పించి మళ్ళీ కట్టించాడు. తర్వాత చెప్పాడు, టేకాఫ్‌లో ముక్కు పైకి లేవగానే ఆ కట్ట తోకవైపు జారితే ముక్కు ఇంకా లేస్తుందని, అప్పుడు తను కంట్రోల్‌ని ఎంత ముందుకు నొక్కినా దించలేడని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

బడో ఆసుపత్రో కట్టించేవాళ్ళకు నా విన్నపం ఇది. ప్లాను గీయకముందే పైలట్‌తో మాట్లాడండి. ఎనిమిది అడుగుల ప్లైవుడ్ షీట్లు కొనేసి తెస్తారు, తీరా చూస్తే తలుపులో పట్టవు, అక్కడికక్కడ రంపం వెతుక్కోవాలి. తడిసిన కలప ఎండినదానికంటే చాలా ఎక్కువ తూగుతుంది, కాబట్టి కంటిచూపు లెక్కలు వద్దు, ప్రతిదీ కాటా మీద పెట్టండి. ఉదయం చల్లగా ఉన్నప్పుడు లేచిన లోడే మధ్యాహ్నం ఎండలో అదే రన్‌వే మీద లేవకపోవచ్చు, వేడికి గాలి పలచబడుతుంది.

అన్నిటికంటే ముఖ్యంగా, పైలట్ చాలన్నాక "ఒక్క బస్తానే కదా, వేసెయ్యండి" అని దయచేసి అనకండి. ఆ మాట నేను చాలాసార్లు విన్నాను, అన్నవాళ్ళెవరూ ఆ విమానం ఎక్కేవాళ్ళు కాదు.

ఇట్లు
ఒక పాఠకుడు