‘నూలు వడికే స్త్రీలు’ ముద్రణలోనూ వివరణలోనూ తప్పులు: సరిచేసి పంపాలని ఫిర్యాదు

కస్టమర్ సేవల మేనేజరు గారికి,

నమస్కారం. చిత్రకళా తరగతుల కోసం మీ దగ్గర తెప్పించుకున్న 17వ శతాబ్దపు స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెజ్ చిత్రం ‘లాస్ ఇలాందెరాస్’ (నూలు వడికే స్త్రీలు) 60×90 సెం.మీ. ముద్రణ, దానితో ఇచ్చిన తెలుగు వివరణ పత్రం రెండూ పాఠానికి పనికిరాకుండా ఉన్నాయి.

ముందు ముద్రణ సంగతి. అసలు చిత్రంలో ఎడమవైపు రాట్నానికి ఆకులు (చక్రం ఊచలు) కనిపించవు. చక్రం తిరిగే వేగంలో అవి మెరుపుగా కరిగిపోతాయి. వెలాస్కెజ్ పనితనానికి పేరు తెచ్చిన చోటు అదే. మీవాళ్లు బొమ్మకు పదును పెంచే సాఫ్ట్‌వేర్ వాడినట్టున్నారు, చక్రానికి ఆకులు మొలిచాయి! రాట్నం ఆగిపోయింది.

కత్తిరింపు మరీ అన్యాయం. వెలాస్కెజ్ గీసినది సుమారు 167×252 సెం.మీ. పైన కమాను, గుండ్రటి కిటికీ, రెండు పక్కలా పట్టీలు 18వ శతాబ్దంలో ఇతరులు అతికించినవి. వాటితో కలిపి కొలత 220×289 అయింది. మీరు ఈ పెద్ద కొలత ఫొటో తీసుకుని, 60 సెం.మీ. ఎత్తులో ఇమడటానికి కింది నుంచి 8.5 సెం.మీ. కోసేశారు. అతుకు కమాను నిక్షేపంగా ఉంది, ముసలావిడ పాదం, నేలమీది పిల్లి అంచున నలిగిపోయాయి. అసలు భాగాన్నే తీసుకుంటే 90 సెం.మీ. వెడల్పుకు ఎత్తు 59.6 వస్తుంది. మీ చట్రంలో చక్కగా సరిపోయేది.

ఇక వివరణ. ‘మాడ్రిడ్‌లోని శాంటా ఇసబెల్ కార్ఖానాలో ఒక పనిరోజు’ అని రాశారు. 1948 దాకా ఎక్కువమంది అలాగే అనుకునేవారు, అందులో తప్పులేదు. ఆ ఏడాది కళాచరిత్రకారుడు అంగులో ఇన్యిగెజ్ ఇది అరాక్నీ కథ, అంటే నేతలో దేవతతో పోటీపడిన అమ్మాయి గ్రీకు పురాణ కథ అని చూపించారు. పెద్రో దె ఆర్సె అనే మాడ్రిడ్ సేకర్త ఆస్తుల జాబితాను కళాచరిత్రకారిణి కాతుర్లా వెలుగులోకి తెచ్చారు. 1664 నాటి ఆ జాబితాలో చిత్రం పేరే ‘అరాక్నీ కథ’. ఇన్నేళ్ల తర్వాత కూడా పాత మాటే అచ్చువేయడమేమిటి?

వెనక వెలుగులో శిరస్త్రాణంతో చెయ్యెత్తిన మూర్తిని మీరు ‘సైనికుడు’ అన్నారు. ఆమె అథీనా, ఆ పోటీలోని దేవత. ఎదుట నిలబడినది అరాక్నీ. వాళ్ల వెనక వేలాడే నేతచిత్రాన్ని ‘అలంకరణ’ అని ఒక్క మాటలో దాటేశారు, నిజానికి చిత్రానికి తాళంచెవి అదే. అది ఇటలీ చిత్రకారుడు టిషియన్ గీసిన ‘యూరోపా అపహరణ’కు నకలు. రోమన్ కవి ఓవిడ్ కావ్యం ‘మెటమార్ఫోసెస్’ ఆరో సర్గలో అరాక్నీ నేసిన దేవతల దురాగతాల్లో మొదటిది దేవతల రాజు జ్యూస్ ఎద్దు రూపంలో రాకుమారి యూరోపాను ఎత్తుకుపోవడమే. టిషియన్ మూలచిత్రం అప్పట్లో స్పెయిన్ రాజుగారి సేకరణలోనే ఉంది. 1628–29లో మాడ్రిడ్ వచ్చిన ఫ్లెమిష్ చిత్రకారుడు రూబెన్స్ దానికి నకలు కూడా గీశాడు. అరాక్నీ మగ్గం మీద టిషియన్ బొమ్మను పెట్టడమంటే, దేవత కూడా వంక పెట్టలేని పనివాడు టిషియన్ అని వెలాస్కెజ్ చెప్పడమే.

మీ పత్రంలోనే మరోచోట ఉన్న ‘పోటీలో ఓడిన అరాక్నీని దేవత శిక్షించింది’ అన్న వాక్యం అందుకే ప్రమాదకరం. ఓవిడ్ కథలో ఆ నేతలో అథీనాకు ఒక్క లోపమూ దొరకదు. కోపంతో గుడ్డ చించి, నాడెతో నుదుటిమీద కొడుతుంది. అవమానం భరించలేక ఉరిపోసుకున్న అరాక్నీని చివరికి సాలెపురుగుగా మారుస్తుంది. (పురుగు పేరులోనే ‘సాలె’ ఉన్న భాషలో ఈ కథను తప్పుగా చెప్పడం మరీ విడ్డూరం.)

ముందుభాగంలో రాట్నం దగ్గరి ముసలావిడను మారువేషంలోని అథీనాగా, వీపు మనవైపు తిప్పి నూలు ఉండ చుట్టే అమ్మాయిని అరాక్నీగా చాలామంది పండితులు చదువుతారు. ముసలావిడ తలకు ముసుగు, ముఖంలో ముదిమి, చాపిన కాలు మాత్రం పడుచుది. దీన్ని నిర్ధారణగా కాక ‘ఒక అన్వయం’గా రాయండి.

పదునుపెట్టని మ్యూజియం ఫొటోతో, అతుకులు తీసేసిన కొత్త ముద్రణను, సవరించిన వివరణ పత్రాన్ని 15 రోజుల్లో మీ ఖర్చుతో పంపండి. కుదరకపోతే మొత్తం సొమ్ము తిరిగి ఇవ్వండి. రెండూ జరగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. ముద్రణ ఫొటోలు, బిల్లు నకలు జతచేశాం.

ఇట్లు,
చిత్రకళా అధ్యాపకులు