ఎ-4ను సాక్షి చేయండి: హోం మంత్రికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ హోం శాఖ మంత్రి గారికి నమస్కారం.

లాడ్జి మీద రైడు జరిగిన రాత్రి రాసే పంచనామాలో ఆ అమ్మాయి బాధితురాలు. అదే కేసు చార్జిషీటుకొచ్చేసరికి నిర్వాహకుడు ఎ-1, బ్రోకరు ఎ-2, ఆమె ఎ-4, అంటే నాలుగో ముద్దాయి. ఆమె మీద పెట్టేది 1956 నాటి ఇమ్మోరల్ ట్రాఫిక్ (వ్యభిచార నిరోధక) చట్టంలోని 8(బి), అంటే బహిరంగంగా విటులను పిలిచిందన్న సెక్షన్. మొదటిసారైతే ఆరు నెలల దాకా జైలు, లేదా 500 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కోర్టు వరండాలో ఎవరో ఒకరు ‘ఒప్పుకో, ఐదొందలు కట్టేసి పోదువు’ అంటారు. ఆ డబ్బు ఎ-1 మనుషులే కట్టిన సందర్భాలూ ఉంటాయి.

ఒప్పుకున్నాక శిక్ష ఎంత, అది చట్టబద్ధమా అన్న వాటి మీద తప్ప అప్పీలు లేదని బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 416 అంటోంది. తీర్పును పరిశీలించమని పై కోర్టును కోరే రివిజన్‌కు గడువు 90 రోజులు. బలవంతం చేశారని చెబుదామంటే, అప్పటికప్పుడు ప్రాణం పోతుందన్న భయాన్నే బీఎన్‌ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 32 లెక్కలోకి తీసుకుంటుంది. తీరని అప్పు, బిడ్డను ఎత్తుకుపోతామన్న బెదిరింపు అందులో ఇమడవు. 2018లో లోక్‌సభ ఆమోదించాక మురిగిపోయిన మనుషుల అక్రమ రవాణా నిరోధక బిల్లు కూడా భారీ శిక్షలు పడే నేరాలకే రక్షణ ఇవ్వబోయింది. హత్య కేసయితే గట్టెక్కేదేమో, ఐదొందల కేసు నుంచి మాత్రం కాదు!

పెండింగ్ కేసుల్లో మీరు చేయగలిగింది ఉంది. బీఎన్‌ఎస్‌ఎస్ 360 కింద పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఒక్క ముద్దాయి మీదే కేసు ఉపసంహరించుకోవచ్చు. ఎ-1 మీద విచారణ ఆగదు. 8(బి) ఒక్కటే ఉంటే అది సమన్స్ కేసు (చిన్న శిక్షల కేసు), కోర్టు సమ్మతిస్తే ఆమె నిర్దోషి. మిగతా సెక్షన్లతో కలిసి వారంట్ కేసయితే (పెద్ద శిక్షల కేసు) కోర్టు అభియోగాలు ఖరారు చేయకముందు డిశ్చార్జి, అంటే కేసు నుంచి విడుదల; చేశాక నిర్దోషి. తర్వాత బీఎన్‌ఎస్‌ఎస్ 348 కింద ఆమెను సాక్షిగా పిలిపించవచ్చు.

చెడేది ఎక్కడంటే, జీవో జిరాక్సు జతచేసి ‘ప్రభుత్వ ఆదేశం మేరకు’ అని రెండు వాక్యాల పిటిషన్ వేస్తారు. అలాంటిది నిలవదు. ప్రాసిక్యూటర్ తానే ఫైలు చదివి, పంచనామాలో ఆమెను ఏమని రాశారో చూపి, సొంత నిర్ణయంగా కారణాలు చెప్పాలి. 360లో కొత్తగా చేరిన షరతు ప్రకారం బాధితుల మాట వినకుండా కోర్టు అనుమతించకూడదు. ఇక్కడ బాధితురాలు ముద్దాయిల పట్టీలోనే ఉంది. ఆ సంగతి పిటిషన్‌లోనే రాయాలి.

శిక్ష పడిపోయినవాళ్లకు మిగిలింది బీఎన్‌ఎస్‌ఎస్ 528 కింద హైకోర్టు. అక్కడ ప్రభుత్వ న్యాయవాది కౌంటరు వేసి అడ్డుపడకుండా చూడండి. ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం మహిళలందరి హక్కు, కనుక వకీలు ఖర్చు అడ్డు కాదు. సర్టిఫైడ్ కాపీలు తెప్పించుకోవడమే అసలు కష్టం. పాత ఫైళ్లు వెతికించే పని జిల్లాకొక అధికారికి అప్పగించండి.

కోర్టు ఉత్తర్వు అందిన 30 రోజుల్లో స్టేషన్ వాళ్లు పోలీసుల కంప్యూటర్ రికార్డు సీసీటీఎన్‌ఎస్‌లో కేసు ఫలితం మార్చాలని మెమో ఇవ్వండి. లేకపోతే నిర్దోషిగా బయటపడ్డాక కూడా, పాస్‌పోర్టు వెరిఫికేషన్‌కు వచ్చిన కానిస్టేబుల్ చేతిలో పాత ఎఫ్‌ఐఆర్ నంబరే ఉంటుంది.

ఇట్లు,
అక్రమ రవాణా బాధితుల తరఫున వాదించే న్యాయవాదులం