ఏషియన్ ఫెస్టివల్‌లో మన ఉరుములు ఎందుకు మోగవు?

సంపాదకులకు,

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన నాలాంటి తల్లిదండ్రులు అక్కడి ఉగాది, బతుకమ్మ సంబరాల గురించి మీకు రాస్తూనే ఉంటారు. అవి తెలుగువాళ్లు తమ కోసం చేసుకునే పండుగలు. నేను రాస్తున్నది ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో ఏటా మే నెలాఖరున, మెమోరియల్ డే వారాంతంలో జరిగే ఏషియన్ ఫెస్టివల్ గురించి. 1995లో మొదలైన ఈ పండుగ ఫ్రాంక్లిన్ పార్కులో జరుగుతుంది, ప్రవేశం ఉచితం. చైనా, జపాన్, ఫిలిప్పీన్స్, ఇండియా మూలాలున్న వాళ్లంతా తమ వంటలు, ఆటలు, పాటలు అక్కడికి తెస్తారు. చూడటానికి వచ్చేవాళ్లలో ఆసియాతో ఏ చుట్టరికం లేని అమెరికన్లు కూడా చాలామంది. మనమెవరమో పరాయివాళ్లకు తెలిసేది ఇలాంటి చోటే. అక్కడ మనం చూపిస్తున్నదేమిటి, మా వైపు ‘ఉరుములు’ అనే డోలు వాద్యం లాంటి కళలు ఎందుకు చూపించడం లేదన్నదే నా బాధ.

అసలు మే నెలే ఎందుకంటే, అమెరికాలో దాన్ని ఆసియా, పసిఫిక్ దీవుల మూలాలున్నవారి వారసత్వ మాసంగా జరుపుతారు. 1978 తీర్మానంతో వారంగా మొదలై, 1992 చట్టంతో శాశ్వతంగా నెల అయింది. మే నెలను ఎంచుకోవడానికి ఒక కారణం 1869 మే 10న పూర్తయిన ఖండాంతర రైలుమార్గం, అందులో వేలాది చైనా కూలీల చెమట ఉంది. 1882లో అదే చైనా కూలీలను దేశంలోకి రానివ్వకుండా చట్టం చేశారు. మనవాళ్లు పెద్ద సంఖ్యలో వెళ్లింది 1965 వలస చట్టం తర్వాతే. ఇంకొకరు వండి వడ్డించిన పంక్తిలో ఆలస్యంగా వచ్చి కూర్చున్నాం మనం.

మొన్న మేలో అక్కడ జపాన్ టైకో డోళ్ల ప్రదర్శన చూశాను. నా నడుమెత్తు డోళ్లు. వాయించినవాళ్లలో బడి పిల్లల దగ్గర్నుంచి తల నెరిసినవాళ్ల దాకా ఉన్నారు, అందరూ జపాన్ వాళ్లు కూడా కారు. కాళ్లు ఎడంగా పెట్టి, మోకాళ్లు వంచి, లావుపాటి కర్రలతో ఒక్కసారిగా దెబ్బ వేసేసరికి ఐస్‌క్రీం క్యూలో ఉన్నవాళ్లు సైతం ఇటు తిరిగారు.

తర్వాత మన వంతు. ఎనిమిది నిమిషాల్లో అరడజను పాటల ముక్కలు, తళుకుల బట్టలు, స్పీకర్లు పగిలేంత సౌండు. పిల్లలు ముచ్చటగా చేశారు. తల్లులు వారాల తరబడి ప్రాక్టీస్ చేయించి ఉంటారు. వాళ్లను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. కానీ అన్నీ తెలుగు సినిమా పాటలే అయినా మైకులో వినిపించింది ‘బాలీవుడ్ డాన్స్’ అని. అలా అంటేనే అందరికీ అర్థమవుతుందని మనవాళ్లే రాసిచ్చారట! కూచిపూడి ఒక్కటే కాస్త పరువు నిలబెట్టింది. ఆ దేశంలో కూచిపూడి నేర్పే గురువులు ఉన్నారు కాబట్టి, అక్కడే పుట్టిన పిల్లలు గజ్జె కడుతున్నారు.

టైకో సంగతీ అంతే. డోళ్లు పాతవే, గుళ్లలోనూ జాతరల్లోనూ మోగేవే. కానీ ఇలా రకరకాల డోళ్లతో బృందం కట్టి వేదిక మీద వాయించే పద్ధతిని 1951లో జపాన్‌లోని నగానో ప్రాంతంలో దైహాచి ఒగుచి అనే జాజ్ డ్రమ్మర్ మొదలుపెట్టాడు. 1968లో సెయిచి తనాకా శాన్‌ఫ్రాన్సిస్కోలో శిక్షణ ఆరంభించాడు. మరుసటి ఏడాది లాస్ ఏంజిలిస్‌లో ఒక బౌద్ధాలయం వాళ్లు సొంతంగా బృందం కట్టుకున్నారు. జపాన్ డోళ్లు కొనే స్తోమత లేక వైన్ పీపాలకు తోలు బిగించి వాయించారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా నిర్బంధ శిబిరాల్లో పెట్టిన జపాన్ మూలాలవారి పిల్లలూ మనవలూ అలా కూడదీసుకున్న కళ అది. జపాన్ నుంచి ట్రూపు ఎప్పుడొస్తుందా అని కూర్చోలేదు.

మా అనంతపురం వైపు ఉరుములు ఉన్నాయి. గంగమ్మ ముందు, మల్లన్న ముందు వాయిస్తారు. ఒక పక్క కొడుతూ, రెండో పక్క తోలు మీద పుల్లతో రాస్తుంటే గుండెలో గుబులు పుట్టించే మోత వస్తుంది. వాయిస్తూనే గుండ్రంగా తిరుగుతూ అడుగులేస్తారు. పట్టపగలు, ఆరుబయట, ఏ మాటా అర్థం కాని జనం ముందు నిలబడగల కళ అంటే ఇదే. చెక్కభజన ఇంకా తేలిక. శని, ఆదివారాల్లో నేర్పితే కొన్ని నెలల్లోనే పిల్లలు వేదికెక్కొచ్చు.

మరి ఎందుకు నేర్పించరంటే, కారణం మనందరికీ తెలుసు, పైకి అనం. డప్పయినా ఉరుమయినా వాయించేది దళిత కుటుంబాలు. చావుకీ చాటింపుకీ పిలిచి, పని కాగానే గడప బయట నుంచే పంపించేసిన వాద్యం అమెరికాలో మన పేరు మీద మోగితే నామోషీ అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ‘‘అవన్నీ ఇక్కడెందుకండీ’’ అని ఒకాయన నాతోనే అన్నారు. జపాన్‌లోనూ డోలుకు తోలు బిగించే పని తరతరాలుగా చేసింది సమాజం వెలివేసిన బురాకుమిన్ వర్గమే. డోలుకు చప్పట్లు దక్కాయి, దాన్ని చేసిన చేతులను చాలాకాలం ఎవరూ తలుచుకోలేదు. మన దగ్గర అలా కాకూడదు. నేర్పే గురువు ఆ కుటుంబాల మనిషే కావాలి, జీతం కూడా గురువుకిచ్చినట్టే ఇవ్వాలి.

ధర్మవరానికి దగ్గరే నిమ్మలకుంట. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి తోలుబొమ్మల కళకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు ఆ ఊళ్లో ఆట కన్నా లాంప్‌షేడ్లు, గోడబొమ్మల తయారీయే ఎక్కువ, తిండి పెట్టేది అదే మరి. మిట్టమధ్యాహ్నం పార్కులో తోలుబొమ్మలాట కుదరదు, చీకటి కావాలి. కానీ ఒక టెంట్‌లో కూర్చుని మేకతోలుకు చిల్లులు కొడుతూ, రంగులద్దుతూ చూపిస్తే పిల్లలు కదలరు.

అమెరికా వీసాల్లో పీ-3 అనే రకం ఉంది. సంప్రదాయ కళలు ప్రదర్శించేవాళ్లకే కాదు, వాటిని నేర్పడానికి వచ్చేవాళ్లకూ అది వర్తిస్తుంది. అక్కడివాళ్లు స్పాన్సర్‌గా పిటిషన్ వేయాలి, ఆ కళ ప్రత్యేకతకు ఆధారాలు జతచేయాలి. ఏడాది దాకా ఇస్తారు. మహాసభలకు ఇక్కడి నుంచి సినిమావాళ్లను రప్పించే మన సంఘాలకు ఈ కాగితాల పని కొత్త కాదు. ఖర్చంటారా, ఒక స్టార్ నైట్‌కు అయ్యే దాంట్లో కొంత పక్కన పెడితే ఉరుముల గురువు ఆరు నెలలు అక్కడుండి నేర్పగలడు.

ఇక్కడి చిక్కు వేరు. జానపద కళాకారుల్లో చాలామంది పని పాస్‌పోర్టు, పుట్టినతేదీ కాగితం దగ్గరే ఆగిపోతుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డప్పు కళాకారులకు నెలకు 4,000 రూపాయల పింఛను ఇస్తోంది, మంచిదే. పింఛనుతో పూట గడుస్తుంది, శిష్యులు రారు. భాషా సాంస్కృతిక శాఖ జిల్లాకు కొందరు గురువులను గుర్తించి, పాస్‌పోర్టులు ఇప్పించి, ఆ జాబితాను ప్రవాసాంధ్రుల కోసం ఉన్న ఏపీఎన్నార్టీ సొసైటీ ద్వారా విదేశీ తెలుగు సంఘాలకు పంపాలి. తెలంగాణ ప్రభుత్వం ఒగ్గుకథకూ, చిందు యక్షగానానికీ ఇదే చేయొచ్చు. అమెరికాలో 2007 నుంచి తెలుగు నేర్పుతున్న మనబడి లాంటి తరగతులు ఎలాగూ ఉన్నాయి. వాటి పక్కన వారానికో గంట ఉరుముకు ఇమ్మంటున్నాను.

వచ్చే మే పండుగకు పిల్లలు తయారవ్వాలంటే గురువు ఈ చలికాలానికే అక్కడ ఉండాలి. కొలంబస్ తెలుగువాళ్లలో ఎవరైనా ముందుకొస్తే, మా వైపు ఉరుములు వాయించే బృందాలున్న ఊళ్ల పేర్లు మీ పత్రిక ద్వారా అందజేయడానికి నేను సిద్ధం.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
ధర్మవరం, శ్రీ సత్యసాయి జిల్లా