సిగ్నల్ పెంచే స్కిన్ మా దగ్గర లేదండీ, రాదు కూడా

ఫోన్లకి స్కిన్‌లు, అంటే వెనకా పక్కలా అంటించే పల్చటి ప్లాస్టిక్ స్టిక్కర్లు, వేసే మన షాపు కస్టమర్లందరికీ ఒక మాట. కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఎందుకంటే ఇదే సంగతి కౌంటర్ దగ్గర రోజూ ముక్కలు ముక్కలుగా చెప్తున్నా, వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు పెడుతున్నా, ఎవరికీ మొత్తం చెప్పినట్టు ఉండట్లేదు.

ఈ మధ్య "అన్నయ్యా, సిగ్నల్ పెంచే స్కిన్ వచ్చిందంట కదా, అది వేయండి" అని అడిగేవాళ్లు బాగా ఎక్కువయ్యారు. రీల్స్‌లో చూసి అడుగుతున్నారు, వాళ్ల తప్పేం లేదు. మాకు సరుకు వేసే ఒక హోల్‌సేల్ ఆయన కూడా శాంపిల్ రోల్ ఒకటి తెచ్చి బల్ల మీద పరిచాడు. వెనకవైపు బంగారు రంగు గీతలు చిక్కుముడిలా ప్రింట్ చేసి ఉన్నాయి, కవర్ మీద 5జీ అని పెద్దక్షరాలు. మామూలు వినైల్ స్కిన్‌కి మూడింతల రేటు చెప్పినా కళ్లుమూసుకుని కొంటారన్నాడు. కొంటారేమో, అదే నా భయం. వద్దని పంపేశాను. మన షాపులో సిగ్నల్ స్కిన్ దొరకదు, మామూలు స్కిన్‌కే ఆ పేరు తగిలించి అమ్మడం కూడా ఉండదు.

అలాగని స్కిన్‌కీ సిగ్నల్‌కీ సంబంధమే లేదని కొట్టిపారేస్తే అదీ అబద్ధమే. ఒక ఫోన్ విషయంలో నిజంగా సంబంధం ఉంది, ఆ ఒక్క ఫోన్ పేరు చెప్పుకునే ఇన్నేళ్లుగా ఈ వ్యాపారం నడుస్తోంది.

అది ఐఫోన్ 4. 2010 జూన్ 24న అమెరికాలో అమ్మకానికొచ్చింది, మన దేశానికి అధికారికంగా వచ్చేసరికి 2011 మే అయింది. దాని చుట్టూ ఉండే స్టీలు పట్టీ అందం కోసం పెట్టింది కాదు, అదే యాంటెన్నా. ఆ పట్టీని ముక్కలు చేసి మధ్యలో సన్నటి నల్ల గీతలు వదిలారు, ఒక ముక్క వైఫై, బ్లూటూత్, జీపీఎస్‌కి, ఇంకో పొడుగు ముక్క కాల్స్‌కీ మొబైల్ డేటాకీ. వచ్చిన చిక్కల్లా ఎడమవైపు కింద ఉన్న గీతతో. ఫోన్‌ని ఎడమ చేత్తో పట్టుకుంటే అరచేతి కండ సరిగ్గా దాని మీదే ఆనుతుంది. మన చర్మం, కింద ఉన్న రక్తం, పైన ఉన్న చెమట అన్నీ ఉప్పునీళ్లే, కరెంటు పారే సరుకే. రెండు ముక్కల్నీ చెయ్యి కలిపేసరికి యాంటెన్నా ట్యూనింగ్ తప్పేది, అది చాలదన్నట్టు చెయ్యి కొంత సిగ్నల్‌ని మింగేది కూడా.

ఫోన్లని పరీక్షించి రాసే ఆనంద్‌టెక్ వెబ్‌సైట్ వాళ్లు కూర్చుని కొలిస్తే, గట్టిగా పట్టుకున్నప్పుడు 24 డెసిబెల్‌ల దాకా పడిపోయింది. డెసిబెల్ లెక్క మామూలు తీసివేత లెక్క కాదండీ, 10 తగ్గితే సిగ్నల్ పదో వంతు అయినట్టు, 20 తగ్గితే వందో వంతు. టవర్ దగ్గర ఉన్నవాళ్లకి వందో వంతు మిగిలినా కాల్ నడుస్తుంది, టవర్ అంచున ఉన్నవాళ్లకి కట్టయిపోతుంది. అందుకే అదే ఫోన్ కొని సగంమంది "నాకేం ప్రాబ్లమ్ లేదే" అన్నారు, సగంమంది తిట్టుకున్నారు, ఇద్దరూ చెప్పింది నిజమే.

దీని గురించి మెయిల్ రాసిన ఒక కస్టమర్‌కి, ఐఫోన్ చేసే యాపిల్ కంపెనీ అధిపతి స్టీవ్ జాబ్స్ అలా పట్టుకోవడం మానుకోమని జవాబిచ్చాడు. (నేను కౌంటర్‌లో ఆ మాట అంటే మా విజయవాడలో ఏమవుతుందో మీకు తెలుసు.) తర్వాత కంపెనీ, మేం స్క్రీన్ మీద సిగ్నల్ గీతలు చూపించే లెక్కే తప్పు, ఉన్నదానికంటే ఎక్కువ గీతలు చూపిస్తున్నాం అని చెప్పి జూలై 15న సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఇచ్చింది. దానివల్ల సిగ్నల్ గీతలు నిజం చెప్పడం మొదలుపెట్టాయి గానీ సిగ్నల్ ఏమీ పెరగలేదు. దానికి మూడు రోజుల ముందే, అక్కడ వస్తువుల్ని పరీక్షించి చెప్పే కన్స్యూమర్ రిపోర్ట్స్ వాళ్లు ఈ ఫోన్ కొనమని మేం చెప్పలేం అని తేల్చేశారు. స్టీలు పట్టీలో ఎడమవైపు ఉన్న ఆ నల్ల గీత మీద కరెంటు పారని మందపాటి టేపు ముక్క అంటిస్తే సమస్య పోతుందని కూడా వాళ్లే చెప్పారు. జూలై 16న జాబ్స్ ప్రెస్‌మీట్ పెట్టి, 29 డాలర్లకి అమ్ముతున్న రబ్బరు బంపర్‌ని, అంటే ఫోన్ అంచుల చుట్టూ తొడిగే పట్టీని, అందరికీ ఫ్రీగా ఇస్తామన్నాడు, సెప్టెంబర్ 30 దాకా కొన్నవాళ్లకి కూడా. ఆ తర్వాత ఫోన్ కొన్నవాళ్లు వేసిన కోర్టు కేసు 2012లో రాజీ అయి, కోరుకున్నవాళ్లకి 15 డాలర్లో బంపరో ఇచ్చారు.

అంత పెద్ద కంపెనీ రబ్బరు పట్టీ ఇచ్చి సిగ్నల్ బాగుచేసిందంటే, కేసులూ స్కిన్‌లూ అమ్ముకునేవాళ్లు ఊరుకుంటారా? టేపు పనిచేసింది, బంపర్ పనిచేసింది, కాబట్టి స్కిన్ కూడా పనిచేస్తుంది అనే మాట పుట్టింది. ఇక్కడే అసలు మెలిక ఉంది.

మేం అంటించే వినైల్ మందం మిల్లీమీటరులో పదో వంతు, మహా అయితే రెండు పదో వంతులు. బంపర్ అంతకి చాలా రెట్లు మందం. చెయ్యి లోహాన్ని నేరుగా తాకకుండా ఆపడానికి పల్చటి స్కిన్ కూడా చాలు. కానీ రేడియో తరంగాల దగ్గర తాకడం ఒక్కటే లెక్క కాదు. ఇటు చెయ్యి, అటు లోహం, మధ్యలో పల్చటి ప్లాస్టిక్ పొర. స్కూల్లో ఫిజిక్స్ చదివినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, దాన్నే కెపాసిటర్ అంటారు, ఆ ఫ్రీక్వెన్సీలో కెపాసిటర్ తలుపు మూసి ఉంచదు, ఓరగా తీసే ఉంచుతుంది. పొర ఎంత పల్చనైతే అంత ఎక్కువ దాటుతుంది. అందుకే మందపాటి బంపర్ పనిచేసినంతగా పల్చటి స్కిన్ పనిచేయదు, ఆ ఐఫోన్ 4 మీద కూడా. కొంత మేలు ఉంటుంది, అంతే. ఇక చెయ్యి మింగేసే సిగ్నల్ సంగతికొస్తే, స్కిన్ ఉన్నా లేకపోయినా చెయ్యి అక్కడే ఉంది కదా.

మరి ఇప్పటి ఫోన్లు? 2011 అక్టోబర్‌లో వచ్చిన ఐఫోన్ 4ఎస్ నుంచే, ఒక యాంటెన్నా దగ్గర సిగ్నల్ తగ్గితే ఇంకోదానికి మారిపోయే ఏర్పాటు పెట్టారు. ఇప్పుడు మెటల్ ఫ్రేమ్ ఉన్న ఏ ఫోన్ తీసుకున్నా పైనా కిందా పక్కలా సన్నటి ప్లాస్టిక్ గీతలు కనిపిస్తాయి, ఫ్రేమ్ ముక్కలు చాలావరకు వేర్వేరు యాంటెన్నాలే, ఒకటి చేతికింద పడినా మిగతావి పని చూసుకుంటాయి. ప్లాస్టిక్ బాడీ ఫోన్లలోనైతే యాంటెన్నా లోపలే ఉంటుంది, చెయ్యి దాన్ని తాకే ప్రశ్నే లేదు. కాబట్టి మీ ఫోన్‌కి నేను స్కిన్ వేస్తే సిగ్నల్ పెరగదు. మంచి వినైల్ అయితే తగ్గదు కూడా. గీతలు పడకుండా ఉంటుంది, చేతిలోంచి జారదు, రంగు మారుతుంది, నేను డబ్బులు తీసుకునేది వీటికే.

తగ్గించే సరుకు మాత్రం ఉంది, దాని గురించే అసలు ఈ అప్‌డేట్.

మొదటిది మిర్రర్ క్రోమ్ ఫినిష్. పెళ్లిళ్ల సీజన్‌లో బాగా అడుగుతారు, గోల్డ్, రోజ్ గోల్డ్. ఆ మెరుపు కొన్ని రోల్స్‌లో ఉత్త రంగే, కొన్నిట్లో నిజంగానే అల్యూమినియం పూత, చిప్స్ ప్యాకెట్ లోపల ఉండే మెరుపు ఉంటుంది చూడండి, అదే పని. పైన పారదర్శకమైన పొర ఉంటుంది కాబట్టి కరెంటు పారుతుందో లేదో చూసే మల్టీమీటర్ పెట్టి చూసినా దొరకదు. ఏ రోల్‌లో ఏముందో సరుకు ఇచ్చేవాళ్లకే తెలియనప్పుడు, యాంటెన్నా గీతల మీదుగా దాన్ని చుట్టబెట్టి మీ చేతిలో పెట్టలేను. ఇవాళ్టి నుంచి ఫోన్లకి క్రోమ్ వేయం. మిగిలిన రోల్స్ బైక్ ట్యాంకుల మీదకి పోతాయి, అక్కడ ఏ సిగ్నలూ అక్కర్లేదు.

రెండోది కార్బన్ ఫైబర్. మేం వేసేది కార్బన్ ఫైబర్ డిజైన్ ఉన్న వినైల్, దానితో ఇబ్బంది లేదు. నిజమైన కార్బన్ ఫైబర్‌కి కరెంటు పారే గుణం ఉంది, సిగ్నల్‌ని అడ్డుకుంటుంది. ఆన్‌లైన్‌లో "ఒరిజినల్ కార్బన్" అని గొప్పగా రాసి ఉంటే నిజంగా ఒరిజినలేమో అని భయపడాల్సిన వస్తువు అదొక్కటే. అరామిడ్ (ఒక రకం గట్టి ప్లాస్టిక్ నార) అని రాసి ఉంటే ఫర్వాలేదు, చూడ్డానికి అలాగే ఉన్నా కరెంటు పారదు.

మూడోది, అందరూ మర్చిపోయేది, కారు హోల్డర్ కోసం వెనక అంటించే గుండ్రటి ఇనుప బిళ్ల. స్కిన్ కింద దాచేయమని అడుగుతారు, కనపడకుండా నీట్‌గా ఉంటుందని. వైర్‌లెస్ చార్జింగ్ పనిచేయదు, పైగా బిళ్ల వేడెక్కుతుంది, ఎన్‌ఎఫ్‌సీ (ఫోన్ ఆనించి డబ్బులు కట్టే ఏర్పాటు) ఆగిపోతుంది, అంటించిన చోటుని బట్టి సిగ్నల్ కూడా దెబ్బతినొచ్చు. ఇక మీదట స్కిన్ కింద బిళ్ల పెట్టం. రేడియేషన్ ఆపుతుందని అంటించే చిప్ స్టిక్కర్లదీ అదే దారి. అవి సిగ్నల్‌కి అడ్డుపడితే ఫోన్ టవర్‌ని అందుకోవడానికి ఇంకా ఎక్కువ పవర్ వాడుతుందని అమెరికాలో వినియోగదారుల్ని మోసాల నుంచి కాపాడే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ ఎప్పుడో హెచ్చరించింది. అంటే దేన్ని తగ్గించడానికి అంటించారో అదే పెరుగుతుందన్నమాట.

ఇప్పుడు "మరి నా ఫోన్‌లో సిగ్నల్ ఎందుకు రావట్లేదు" అనేవాళ్లకి. మొన్న ఒక మాస్టారు వచ్చి, మీరు స్కిన్ వేసిన దగ్గర్నుంచీ కాల్స్ కట్టవుతున్నాయి, తీసేయండి అన్నారు. ఆయన ముందే హీట్ గన్‌తో వేడి చేసి, మూలనుంచి మెల్లగా లాగి తీసేశాను. ఏం మారలేదు. కాసేపు మాట్లాడాక తెలిసింది, స్కిన్ వేయించుకున్న వారంలోనే వేరే చోట డిస్‌ప్లే మార్పించారట. పక్క బల్ల మీద రిపేర్లు చేసే మా తమ్ముడు వెనక మూత విప్పి చూస్తే, కింది బోర్డు నుంచి పై బోర్డుకి వెళ్లే సన్నటి యాంటెన్నా వైరు ఉంటుంది, దాని చివర గుండుసూది తలకాయంత కనెక్టర్, అది సాకెట్‌లో కూర్చోకుండా పక్కకి ఒరిగి ఉంది. వేలిగోరుతో నొక్కితే టిక్కుమని పడింది. నెట్‌వర్క్ వచ్చేసింది. డిస్‌ప్లేగానీ బ్యాటరీగానీ మార్పించాక సిగ్నల్ తగ్గితే ముందు ఆ వైరుని అనుమానించండి, స్కిన్‌ని తర్వాత.

అనుమానం మా స్కిన్ మీదే ఉంటే సిగ్నల్ గీతలు చూసి చెప్పకండి, అంకె చూసి చెప్పండి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, అబౌట్ ఫోన్, సిమ్ స్టేటస్‌లోకి వెళ్తే సిగ్నల్ స్ట్రెంత్ అని మైనస్ గుర్తుతో ఒక అంకె ఉంటుంది, ఐఫోన్‌లో *3001#12345#* డయల్ చేస్తే ఫీల్డ్ టెస్ట్ అనే పేజీ వస్తుంది, ఆ అంకె అందులో ఉంటుంది. 4జీలో మైనస్ 90 కంటే పైన (మైనస్ 80 లాగా) ఉంటే బాగున్నట్టు, మైనస్ 110 దాటి కిందకి (మైనస్ 115 లాగా) పోతే ఆ చోట టవర్ సరిగ్గా అందట్లేదన్నట్టు. బల్ల మీద కదపకుండా పెట్టినా ఆ అంకె నాలుగైదు అటూ ఇటూ ఊగుతుంది, కాబట్టి మూడు తగ్గిందని మా మీదకి రావద్దు. ఒకే చోట, ఒకే సిమ్, ఒకే 4జీ బ్యాండ్ మీద, స్కిన్ ఉండగా, తీశాక రెండుసార్లూ కాసేపు చూడండి. పది తేడా కనిపిస్తే తీసుకురండి, డబ్బులు వాపసు.

ఇంట్లో మాత్రమే సిగ్నల్ లేదంటే అది ఫోన్ తప్పు కాదు. కింది ఫ్లోరు, లిఫ్ట్ పక్క గది, ఎండ రాకుండా మెటల్ కోటింగ్ వేసిన అద్దాలు, వీటి ముందు స్కిన్ ఏం చేస్తుంది? ఇంట్లో వైఫై ఉంటే సెట్టింగ్స్‌లో వైఫై కాలింగ్ ఆన్ చేసుకోండి, చాలా ఫోన్లలో ఉంటుంది, పైసా ఖర్చు లేదు. ఆన్‌లైన్‌లో దొరికే సిగ్నల్ బూస్టర్ మెషీన్లు మాత్రం కొనకండి, అనుమతి లేకుండా వాటిని పెట్టడం మన దేశంలో నేరం, పైగా చుట్టుపక్కల వాళ్ల నెట్‌వర్క్‌ని కూడా చెడగొడతాయి.

ఇక రేట్లు. బ్యాక్ స్కిన్ పాత రేటే. ఫ్రేమ్‌తో కలిపి వేసేదానికి 50 రూపాయలు పెరిగింది, రోల్ రేటు పెరిగింది, యాంటెన్నా గీతల దగ్గర కటింగ్‌కి టైమ్ కూడా ఎక్కువ పడుతోంది. క్రోమ్‌కి అడ్వాన్స్ ఇచ్చినవాళ్లు వేరే ఫినిష్ ఎంచుకోవచ్చు, లేదంటే అడ్వాన్స్ మొత్తం తిరిగి ఇచ్చేస్తాం. ఇదివరకు క్రోమ్ వేయించుకున్నవాళ్లూ, స్కిన్ కింద బిళ్ల ఉన్నవాళ్లూ తీయించుకోవాలంటే ఫ్రీ, కాకపోతే సాయంత్రం ఆరు తర్వాత రావద్దు, అప్పుడు కాలేజీ పిల్లల రద్దీలో హీట్ గన్ ఖాళీ ఉండదు.