మన్‌హటన్‌కు ముందుగా ఎంచుకోవలసింది వెర్మూత్

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక ఆదివారం అనుబంధంలో ఈమధ్య వచ్చిన కాక్‌టెయిల్ వ్యాసంలో మన్‌హటన్ అనే విస్కీ పానీయం తయారీ గురించి రాసిన భాగం చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. విస్కీ ఏదైనా పరవాలేదనీ, వెర్మూత్ (మూలికలు ఊరిన వైను) దొరకకపోతే ఎర్ర వైనులో చెంచాడు చక్కెర కరిగించి పోసుకోవచ్చనీ, మూలికల చేదు చుక్కలైన బిట్టర్స్‌కు బదులు నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే సరిపోతుందనీ అందులో ఉంది. గోపాల్‌పూర్ తీరంలోని హోటళ్లలో బారు కౌంటరు వెనుక ఉద్యోగం చేసి, పదవీ విరమణ తరువాత బరంపురంలో ఉంటున్న నాకు ఈ మూడు సలహాలూ మింగుడుపడలేదు. మద్యం మంచిదని వాదించడం నా ఉద్దేశం కాదు. అలవాటు లేనివారు అలాగే ఉండడం అన్ని విధాలా మేలు. అయితే పత్రిక ఒక పానీయం తయారీని అచ్చువేసినప్పుడు, ఆ పేరుకు తగిన పానీయమే పాఠకుడి గ్లాసులోకి రావాలి కదా.

మన్‌హటన్‌లో ఉండేవి మూడే మూడు దినుసులు: రై విస్కీ (రై అనే ధాన్యంతో చేసేది) 60 మిల్లీలీటర్లు, ఇటలీ పద్ధతి తీపి వెర్మూత్ 30 మిల్లీలీటర్లు, అంగోస్తూరా బిట్టర్స్ రెండు విదిలింపులు. పండ్ల రసం గాని సోడా గాని లేని పానీయం కాబట్టి ఒక దినుసులోని లోపాన్ని మరొకటి కప్పిపుచ్చే వీలు ఇందులో లేదు. మీ వ్యాసకర్త విస్కీకి మూడు పేరాలు కేటాయించి, వెర్మూత్‌ను అరవాక్యంతో సరిపెట్టారు. నేనైతే దాన్ని తిరగేసి రాసి ఉండేవాణ్ణి. ఇళ్లలో చేసుకున్న మన్‌హటన్ బాగా కుదరలేదని ఎవరైనా నా దగ్గర వాపోతే, నేను ముందుగా అడిగేది వెర్మూత్ సీసా ఎప్పుడు తెరిచారని, ఎక్కడ పెట్టారని. విస్కీ పేరు ఆ తరువాత అడుగుతాను. 1880లలో అచ్చయిన తొలినాటి కొలతలు చూస్తే వెర్మూత్ విస్కీతో సమానంగానూ, కొన్నిటిలో విస్కీని మించి కూడా ఉంటుంది. రెండు పాళ్లకు ఒక పాలు అన్న నేటి లెక్క తరువాతి కాలంలో స్థిరపడింది. పాళ్లు తగ్గినా పానీయం స్వభావాన్ని నిర్ణయించేది నేటికీ వెర్మూతే.

ఇదే సందర్భంలో, ఈ పానీయం చర్చిల్ తల్లి జెన్నీ జెరోమ్ ఇచ్చిన విందులో పుట్టిందన్న కథను కూడా వ్యాసకర్త నిజమన్నట్టు రాశారు. ఆ విందు 1874లో టిల్డెన్ న్యూయార్క్ గవర్నరుగా గెలిచిన సందర్భంలో జరిగిందని చెబుతారు. ఆ ఏడాది నవంబరు 30న ఆమె ఇంగ్లండులోని బ్లెన్‌హైమ్ భవనంలో చర్చిల్‌ను ప్రసవించింది. కాన్పు దగ్గరపడ్డ మనిషి సముద్రాల ఆవల విందు ఎలా నడిపించిందో కథ చెప్పేవారే తేల్చాలి.

వెర్మూత్ విషయానికి వస్తే, అది మూలికలను ఊరబెట్టి, కొంత స్పిరిట్ చేర్చి ఘాటు పెంచిన వైను. ఐరోపా నిబంధనల ప్రకారం అందులో కనీసం 75 శాతం వైను ఉండాలి, ఆల్కహాలు 14.5 శాతానికి తగ్గకుండా 22 శాతానికి లోపు ఉండాలి, ఆర్టెమీసియా జాతి మొక్కల సారం తప్పనిసరిగా చేరాలి. ఈ జాతి మనకు కొత్తదేమీ కాదు. వినాయక చవితి నాడు ఇరవై ఒక్క పత్రిలో మొట్టమొదట సమర్పించే మాచిపత్రి, కనకాంబరాలతో కలిపి మాల కట్టే దవనం, రెండూ ఆ జాతివే. ఆ ఆకును వేళ్ల మధ్య నలిపి వాసన చూసినవారు మంచి వెర్మూత్ మూత తీయగానే ఆ ఛాయను ఇట్టే ఆనవాలు పడతారు. దానికి తోడు నారింజ తొక్క, దాల్చినచెక్క, లవంగం వంటివి ఒక్కొక్క తయారీదారు ఒక్కొక్క పాళ్లలో వేస్తారు. 1786లో టురిన్ నగరంలో ఆంటోనియో బెనెడెట్టో కార్పానో అమ్మడం మొదలుపెట్టిన తీపి వెర్మూత్‌తో ఈ వ్యాపారానికి పేరు వచ్చింది.

రంగు ఎర్రగా ఉందని ఎర్ర వైనుతో సరిపెట్టుకోవచ్చు అనుకోవడం దగ్గరే మీ వ్యాసం దారి తప్పింది. ఎర్ర వెర్మూత్‌లలో చాలావాటికి ఆధారం తెల్ల వైనే. ఆ రంగు ఎక్కువగా మాడ్చిన చక్కెర పాకం నుంచి వస్తుంది. ఎర్ర వైనులో ద్రాక్ష తొక్కల వగరు ఉంటుంది. అందులో చక్కెర కలిపి విస్కీలో పోస్తే వగరు ఒకవైపు, తీపి ఒకవైపు లాగుతాయే తప్ప, ఆ రెంటినీ కలిపి పట్టుకునే మూలికల చేదు ఎక్కడి నుంచి వస్తుంది? తీపి వెర్మూత్ అనిపించుకోవాలంటే లీటరుకు కనీసం 130 గ్రాముల చక్కెర ఉండాలి. అంటే మనం పోసే 30 మిల్లీలీటర్లలో చిన్న చెంచాడు చక్కెర ఉన్నట్టే. అంత తీపి ఉన్నా అది పానకంలా అనిపించకపోవడం ఆ చేదు చలవే.

వెర్మూత్ వైను కాబట్టి మూత తీసిన నాటి నుంచి గాలి తగిలి పాడవుతూ ఉంటుందన్న సంగతి మన బార్లలోనే చాలామందికి పట్టదు. నేను పనిచేసిన ఒక హోటల్లో ఒక అతిథి మన్‌హటన్‌ను ఒక గుక్క తాగి వెనక్కి పంపించారు. విస్కీ కల్తీదని మేనేజరుగారికి అనుమానం వచ్చింది. నేను రెండు చిన్న గ్లాసుల్లో విస్కీ కొంచెం, వెర్మూత్ కొంచెం విడివిడిగా పోసి ఆయన ముందు పెట్టాను. విస్కీ నిక్షేపంగా ఉంది. వెర్మూత్ మాత్రం ఎరుపు పోయి తుప్పు రంగుకు తిరిగి, మూలికల వాసన చచ్చి, పులిసిన బెల్లపు నీళ్ల వాసన కొడుతోంది. అందం కోసం ఆ సీసాను అద్దాల అలమారులో వేడి బల్బు కింద నిలబెట్టారు. దీపం వైపున లేబులు వెలిసిపోయి, వెనుక వైపున కొత్తదానిలా ఉంది. ఆనాటి నుంచి మా కౌంటరులో వెర్మూత్ ఫ్రిజ్ దాటి బయటికి వచ్చేది పోసేటప్పుడే. సీసా మెడకు తెల్ల టేపు చుట్టి, తెరిచిన తేదీ రాసేవాళ్లం. గంజాం ఎండల్లో ఇది ఛాదస్తం కాదు. ఫ్రిజ్‌లో పెడితే నెల రోజులు బాగుంటుంది, రెండు నెలల వరకు ఓర్చుకోవచ్చు, ఆపైన వంటలో వేసుకోవడమే. అప్పుడప్పుడు మాత్రమే చేసుకునేవారు పెద్ద సీసా కొనడం డబ్బు దండగ, చిన్న సీసా దొరికితే అదే కొనాలి. కొనేటప్పుడు కూడా దుకాణంలో ఎండ పడే చోట నిలబెట్టిన సీసాను వదిలేసి లోపలి పెట్టెలోది అడగాలి.

ఏ వెర్మూత్ అన్నది తరువాతి ప్రశ్న. పెద్ద నగరాల దుకాణాల్లో మార్టీనీ రోసో, చింజానో రోసో కనిపిస్తాయి, ఈ పానీయానికి అవి చాలు. కార్పానో వారి ఆంటికా ఫార్ములాలో వెనిల్లా వాసన చిక్కగా ఉండి, మొక్కజొన్న విస్కీ అయిన బూర్బన్‌తో కలిస్తే తీపి మీద తీపి పేరినట్టవుతుంది, రైతో అయితే చక్కగా అమరుతుంది. పుంట్ ఎ మెస్‌లో చేదు ఎక్కువ. ఫ్రాన్సుకు చెందిన డోలాన్ ఎరుపు తేలికగా ఉంటుంది. ‘డ్రై’ అని రాసి ఉన్న తెల్ల వెర్మూత్ ఈ పనికి పనికిరాదు. తీపిది సగం, డ్రై సగం పోసేది వేరే రకం, దాన్ని ‘పర్‌ఫెక్ట్ మన్‌హటన్’ అంటారు.

ఇక విస్కీ. అమెరికా చట్టం ప్రకారం రై విస్కీ గింజల్లో కనీసం 51 శాతం రై ధాన్యం ఉండాలి. బూర్బన్‌లో అదే పాళ్లలో మొక్కజొన్న ఉండాలి. రెండిటినీ లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాల్లోనే నిల్వ ఉంచాలి. రై గింజ మిరియాల ఘాటును పోలిన కారం ఇస్తుంది, వెర్మూత్ తీపికి ఎదురు నిలిచేది అదే. 1920 నుంచి 1933 వరకు అమెరికాలో మద్యనిషేధం సాగిన కాలంలో సరిహద్దు దాటి వచ్చిన కెనడా విస్కీతో ఈ పానీయం చేసుకున్నారు, కనుక అది కూడా సంప్రదాయమే. బూర్బన్ వాడితే పానీయం మెత్తబడుతుంది. అప్పుడు బిట్టర్స్ ఒక విదిలింపు ఎక్కువ వేయాలి. స్కాచ్ పోస్తే తయారయ్యేది ‘రాబ్ రాయ్’ అనే మరో పానీయం, దాన్ని ఆ పేరుతోనే పిలవాలి.

మన దేశంలో చౌకగా దొరికే విస్కీలు చాలావరకు చెరకు మొలాసిస్ నుంచి తీసిన స్పిరిట్‌కు కొంత మాల్ట్ (మొలకెత్తించిన బార్లీ) విస్కీ కలిపి చేసినవి. ఐరోపాలో వాటిని విస్కీ పేరుతో అమ్మనివ్వరు. సోడాతో వాటిని తాగేవారితో నాకు పేచీ లేదు. వెర్మూత్‌తో మాత్రం అవి పొత్తు కుదరవు. గింజ కారం లేక, తీపి ఒక్కటే నాలుక మీద మిగులుతుంది. మన దేశంలోనే బార్లీతో చేసే సింగిల్ మాల్ట్‌లలో పొగ పట్టనివి ఇంతకన్నా ఎంతో నయం. బెంగళూరు అమృత్ సంస్థ రై మాల్ట్‌తో కూడా విస్కీ చేసింది గాని, మా బరంపురం ఆఫ్ షాపుల్లో (సీసాలు అమ్మే మద్యం దుకాణాల్లో) నాకు అది కనిపించలేదు. విదేశాల నుంచి వచ్చే పిల్లలు ఖరీదైన విస్కీ సీసాలు రెండు తెచ్చి తండ్రుల చేతిలో పెడుతుంటారు. విమానాశ్రయంలో సుంకం లేకుండా అనుమతించేది మనిషికి రెండు లీటర్లు. అందులో ఒకటి వెర్మూత్ అయితే రెండోదానికి విలువ పెరుగుతుంది.

నిమ్మరసం సంగతి రెండు మాటల్లో చెబుతాను. బిట్టర్స్ ఇచ్చేది చేదు, నిమ్మ ఇచ్చేది పులుపు, ఒకదాని పని మరొకటి చేయలేదు. అంగోస్తూరాను 1824లో వెనిజులాలో స్వాతంత్ర్య పోరాట నాయకుడు బొలివార్ సైన్యానికి వైద్యం చేసిన జర్మన్ డాక్టరు సీగెర్ట్ కడుపు మందుగా తయారుచేశారు, ఇప్పుడు ట్రినిడాడ్ నుంచి వస్తోంది. సీసా కన్నా లేబులు పొడవుగా ఉండి మెడ దాకా అంటుకుని ఉంటుంది కాబట్టి గుర్తుపట్టడం తేలిక. 44.7 శాతం ఆల్కహాలు ఉండడంవల్ల చెడిపోదు, విదిలింపుల లెక్కన వాడేది కాబట్టి ఒక సీసా ఇంట్లో ఏళ్ల తరబడి వస్తుంది. ఇది లేకపోతే ఆ రోజుకు మన్‌హటన్ ఆలోచన మానుకోవడమే మంచిది.

ఐసును కూడా దినుసుగానే లెక్కపెట్టాలి. కలిపేటప్పుడు కరిగిన నీరు గ్లాసులో దాదాపు ఐదో వంతు దాకా చేరుతుంది. తీరప్రాంతంలో చేపల పెట్టెలకు వాడే ఫ్యాక్టరీ ఐసును పగలగొట్టి బార్లలో వేయడం నేను చూశాను. ఆరోగ్యం మాట అలా ఉంచి, ఆ వాసనను ఏ వెర్మూత్ దాచలేదు. కాచి చల్లార్చిన నీటితో ఇంట్లో పెద్ద గడ్డలు కట్టించి, చేపా మాంసం పెట్టని ఫ్రీజరులో ఉంచాలి. పండ్ల రసం లేని పానీయం కాబట్టి పొడవాటి చెంచాతో అర నిమిషం తిప్పితే చాలు, గిలకొడితే నురగ వచ్చి మసకబారుతుంది.

పైన వేసే చెర్రీ దగ్గర మన బజారులో ఒక మోసం ఉంది. కేకుల మీద పెట్టే ఎర్రని ‘చెర్రీ’ చాలాసార్లు చెర్రీయే కాదు, మన తూర్పు కనుమల్లో విరివిగా కాసే వాక్కాయను పాకం పట్టి రంగు వేసినది. వాక్కాయ పప్పంటే నాకు ప్రాణం గాని, ఆ రంగు పాకం గ్లాసులోకి దిగితే మొదటి నుంచి పడ్డ శ్రమంతా వృథా. లుక్సార్డో వంటి నల్లని చెర్రీ దొరకకపోతే నారింజ తొక్కను చిన్న ముక్కగా కోసి, గ్లాసు మీద వంచి నూనె చిలికించి వదిలేస్తే చాలు.

విశాఖలో కొని తెచ్చుకుంటే పోలేదా అని నన్ను చాలామంది అడుగుతారు. ఒక రాష్ట్రంలో పన్ను కట్టిన సీసాను అనుమతి లేకుండా మరో రాష్ట్రంలోకి తేవడం ఎక్సైజు చట్టాలతో తగువు పెట్టుకోవడమే. ఆంధ్ర-ఒడిశా సరిహద్దులోని గిరిసోలా చెక్‌గేటు దగ్గర వెర్మూత్ అంటే ఏమిటో వివరించే ఓపిక ఎవరికీ ఉండదు. మా ఊరి ఆఫ్ షాపుల్లో ముందుగా చెబితే తెప్పించి ఇచ్చేవారు ఉన్నారు, ఆ దారి మంచిది.

చివరిగా, మీ వ్యాసం ఈ పానీయాన్ని ‘తేలికపాటిది’ అన్నది. 45 శాతం రై 60 మిల్లీలీటర్లలో 27, 16 శాతం వెర్మూత్ 30 మిల్లీలీటర్లలో దాదాపు 5, మొత్తం 32 మిల్లీలీటర్ల స్వచ్ఛమైన ఆల్కహాలు ఒక్క చిన్న గ్లాసులో ఉంటుంది. మన 42.8 శాతం విస్కీ లార్జ్ పెగ్గులో ఉండేది దాదాపు 26. ఒడిశాలోనూ ఆంధ్రలోనూ 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మరాదన్న సంగతి కూడా ఆ పుటలో ఎక్కడా లేదు. పెళ్లిళ్ల ముందురోజు కాక్‌టెయిల్ విందులు మా పట్టణంలోనూ మొదలైన ఈ రోజుల్లో, మీ అనుబంధం చూసి కలిపేవారు తప్పక ఉంటారు. కాబట్టి పై సవరణలను అదే పుటలో, మిల్లీలీటర్ల కొలతలతోనూ ఆల్కహాలు శాతాలతోనూ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా