పాత హైబ్రిడ్ కారు అమ్మకానికి బ్యాటరీ నివేదిక తప్పనిసరి చేయాలి

సంపాదకులకు నమస్కారం.

పెట్రోలు ఇంజిన్, బ్యాటరీతో తిరిగే మోటారు రెండూ ఉండే పాత హైబ్రిడ్ కారు కొనవచ్చా అని ఒక పాఠకుడు అడిగితే, "ఎనిమిదేళ్లు దాటితే బ్యాటరీ పోతుంది, లక్షల్లో ఖర్చు, ఆ జోలికి పోవద్దు" అని మీ వాహనాల శీర్షికలో జవాబిచ్చారు. నేను విజయవాడ ఆటోనగర్‌లో కార్ల ఎలక్ట్రికల్ పని చేసుకుని బతికేవాడిని. ఆ జవాబు చదివి ఊరుకోలేక రాస్తున్నాను. ఇలాంటి మాటల వల్ల మంచి కార్లు అయినకాడికి అమ్ముడుపోతున్నాయి. చెడిన కార్లేమో పైపై మెరుగులతో మంచి ధర పలుకుతున్నాయి.

ఎనిమిదేళ్లన్నది వారంటీ గడువు. టయోటా, మారుతి, హోండా తమ హైబ్రిడ్ బ్యాటరీలకు 8 సంవత్సరాలు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది, అని రాసి ఇస్తున్నాయి. గడువు తీరిన మర్నాడే బ్యాటరీ చచ్చిపోదు. అమెరికాలో వస్తువులను పరీక్షించి చెప్పే కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ 2011లో టయోటా వారి హైబ్రిడ్ కారు ప్రియస్‌ను, పాతదాన్ని ఒకటి పరీక్షించింది. 2002 నాటి ఆ కారు అప్పటికే రెండు లక్షల మైళ్లు, అంటే మన లెక్కలో మూడు లక్షల ఇరవై వేల కిలోమీటర్లకు పైగా తిరిగింది. బ్యాటరీ మొదటిదే. అప్పటికి పదేళ్ల కిందట అదే మోడల్ కొత్త కారుతో వాళ్లు రాసుకున్న అంకెలతో పోల్చి చూస్తే, మైలేజీలో గానీ, వేగం అందుకోవడంలో గానీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కారులోని కంప్యూటర్ ఆ బ్యాటరీని పూర్తిగా నిండనివ్వదు, పూర్తిగా ఖాళీ కానివ్వదు. దాని దీర్ఘాయువుకు అదే ముఖ్య కారణం. పైగా టయోటా హైబ్రిడ్లలో క్లచ్ లేదు, విడిగా స్టార్టర్ మోటారు లేదు, ఆల్టర్నేటర్ లేదు. బ్రేకు పని సగం మోటారే చేసిపెడుతుంది కాబట్టి ప్యాడ్లు కూడా నిదానంగా అరుగుతాయి.

మరి మన దగ్గర బ్యాటరీలు ఎందుకు దెబ్బతింటున్నాయి? ముఖ్యంగా వేడి వల్ల. చాలా హైబ్రిడ్లలో బ్యాటరీకి కారు లోపలి గాలే చల్లదనం. వెనక సీటు పక్కనో, సీటు కిందో, మోడల్‌ను బట్టి ఒక చిన్న జాలి ఉంటుంది. ఫ్యాను దాని గుండా ఏసీ గాలిని లాగి బ్యాటరీ మీదికి పంపుతుంది. ఆ జాలి మూసుకుపోతే మే నెల ఎండలో ఏ బ్యాటరీ అయినా ఉడికిపోతుంది. మందపాటి సీటు కవర్లు కుట్టించేటప్పుడు జాలి మీదుగా గుడ్డ లాగేసి బిగించిన కార్లు నా దగ్గరికి ఎన్నో వచ్చాయి. గుంటూరు మిర్చి వ్యాపారి ఒకాయన కారు తెచ్చారు. డాష్‌బోర్డు మీద హైబ్రిడ్ హెచ్చరిక లైటు, బండిలో లాగుడు లేదు. బ్యాటరీ మార్చాల్సిందేనని ఒకచోట చెప్పారట. జాలి ఊడదీసేసరికి నేనూ, మా కుర్రాడూ ఆగకుండా తుమ్మాం. ఫ్యాను రెక్కల మధ్య గోనె పీచు, మిరప పొడి కలిసి దిమ్మెలా గట్టిపడి ఉన్నాయి. ఫ్యాను విప్పి శుభ్రం చేసి బిగించాక, కారు కంప్యూటర్‌లోని వివరాలు చదివే స్కానర్‌లో బ్యాటరీ ఉష్ణోగ్రతలు దారికొచ్చాయి. ఆ కారు అదే బ్యాటరీతో ఈరోజుకీ తిరుగుతోంది.

తక్కువ తిరిగిన బండి అని మురిసిపోయేవాళ్లకూ ఒక మాట. అమెరికాలో ఉన్న పిల్లలు తల్లిదండ్రుల కోసం కొనిపెట్టిన కార్లు మన ఊళ్లలో నెలల తరబడి షెడ్డులోనే ఉంటాయి. మామూలు పెట్రోలు కారును వేరే బ్యాటరీ తగిలించి లేపవచ్చు. ఈ కార్లలో ఇంజిన్‌ను తిప్పేది పెద్ద బ్యాటరీయే. అది పూర్తిగా దిగిపోతే ఆ ఉపాయం పనికిరాదు. రోజూ తిరిగిన లక్ష కిలోమీటర్ల బండికీ, నిలబడిపోయిన ఇరవై వేల కిలోమీటర్ల బండికీ మధ్య ఎంచుకోమంటే నేను మొదటిదే ఎంచుకుంటాను.

అన్నిటికన్నా నన్ను కలవరపెడుతున్నది వరద బండ్లు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు మా విజయవాడ సింగ్‌నగర్ వైపు కార్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. కడిగి, కొత్త కార్పెట్ వేసి అమ్మితే మామూలు కొనుగోలుదారుకు ఏం తెలుస్తుంది? బ్యాటరీలో వరుసగా పేర్చిన చిన్న బ్యాటరీ గడులను, అంటే మాడ్యూళ్లను, కలిపే రాగి పట్టీలు నీళ్లు తగిలాక పచ్చగా చిలుము పడతాయి. ఆ చిలుము పట్టిన చోట వేడి పుడుతుంది. కొనేముందు సీటు బెల్టును చివరిదాకా లాగి మరక చూడండి, డిక్కీలో స్టెప్నీ కింద ఒండ్రు ఉందేమో వేలితో తీసి చూడండి. నారింజ రంగు తీగల జోలికి మాత్రం మీరు వెళ్లవద్దు. అందులో ప్రాణం తీసే కరెంటు ఉంటుంది. రబ్బరు తొడుగులు కూడా లేకుండా కుర్రాళ్ల చేత ఆ బ్యాటరీలు విప్పిస్తున్న షెడ్లు ఉన్నాయి. చూస్తే నాకు వణుకు పుడుతుంది. ఐటీఐలలో ఈ పని వెంటనే నేర్పాలి.

ఇక మోసాల సంగతి. క్యామ్రీ హైబ్రిడ్ పాత మోడల్ బ్యాటరీలో 34 మాడ్యూళ్లు ఉంటాయి. ఒక్కటి బలహీనపడితే మొత్తానికీ తంటా. ఆ ఒక్కదాన్నీ మార్చి, స్కానర్‌తో లోపాల నమోదు చెరిపేసి అమ్మేవారున్నారు. ఆ మరమ్మతు నిలిచేది కొద్ది కాలమే. తరువాత దాని పక్కది పోతుంది. ఎస్‌హెచ్‌వీఎస్ అని రాసి ఉన్న మారుతి పాత సియాజ్, ఎర్టిగా కార్లను కూడా హైబ్రిడ్ పేరుతో ఎక్కువ ధరకు అంటగడుతున్నారు. వాటిలో మోటారు ఇంజిన్‌కు సాయం పట్టేదే, ఒంటరిగా బండిని నడపలేదు.

అందుకే రవాణా శాఖకు నా విన్నపం. యాజమాన్యం మార్చేటప్పుడు ఫారం 29, ఫారం 30 ఎలాగూ ఇస్తున్నాం. హైబ్రిడ్ కారైతే వాటితోపాటు బ్యాటరీ మాడ్యూళ్ల వోల్టేజీలు, ఉష్ణోగ్రతలు చూపే నివేదిక, వరద నష్టానికి బీమా పరిహారం తీసుకున్నారో లేదో తెలిపే పత్రం జతచేయాలని నిబంధన పెట్టండి. నివేదిక అమ్మకానికి నెలలోపు తీసినదై ఉండాలి. బ్యాటరీ మీద భారం పడేలా కారును నడిపి తీయాలి. ఖర్చు అమ్మేవారే భరించాలి. సంపాదకులు కూడా ఆ పాఠకుడికి ఇచ్చిన జవాబును సవరించి ప్రచురించాలని కోరుతున్నాను.

– ఒక ఆటో ఎలక్ట్రీషియన్, ఆటోనగర్, విజయవాడ